గొర్రెల దిబ్బ మీద రోగులు లేరు

నరసరావుపేట

ద్వీపానికి వెళుతున్నానని చెప్పగానే మా వీధిలో నా పరపతి ఒక్కసారిగా పెరిగింది. ఎదురింటి రాజ్యలక్ష్మి వస్తూ వస్తూ ముత్యాల దండ తెమ్మంది. పక్కింటి మాస్టారు విమానంలో కిటికీ పక్క సీటు అడిగి మరీ తీసుకోమన్నారు. నేను పోయేది మాచవరం అవతలికని, అదీ పల్లెవెలుగు బస్సులో అని చెప్పేసరికి ఇద్దరూ నన్ను మోసగత్తెను చూసినట్టు చూశారు.

"మాచవరం కాడ ద్వీపమేందమ్మా? తాగే నీళ్ళకే కటకటగా ఉంటే" అన్నారు మాస్టారు.

ఉంది. కృష్ణకు అడ్డంగా ప్రాజెక్టు కట్టాక నీళ్ళు వెనక్కి తన్ని పల్లపు ఊళ్ళు మునిగిపోయాయి. ఒకప్పుడు గొర్రెల మందలు పడుకునే మట్టిగుట్ట ఒకటి మునగకుండా నీళ్ళ మధ్య మిగిలిపోయింది. చేపలు పట్టుకుని బతికే ఇరవై మూడు కుటుంబాలు దాని మీద గుడిసెలు వేసుకున్నాయి. అదే గొర్రెల దిబ్బ. ఇప్పుడక్కడ గొర్రె అన్నది లేదు.

నేను ఆరోగ్య శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. హైదరాబాదులో ఒక సేవాసంస్థ వాళ్ళు మారుమూల ద్వీపాల్లో ఉండే జనానికి ప్రాథమిక వైద్యం అందించే ప్రణాళిక తయారు చేస్తున్నారు. పల్నాడు తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిచారు. వాళ్ళ లెక్క సూటిగా ఉంది. దిబ్బ మీద సర్వే చేసి అవసరం ఉందని తేలితే, వారానికొకసారి నర్సుతో, మందులతో ఒక మర పడవ అక్కడికి వస్తుంది. తేలకపోతే ఆ పడవ ఇంకో చోటికి పోతుంది. అవసరం లేకపోవడమేమిటి, ఆ పడవ వాళ్ళకి రాయించుకునే వస్తానని బీపీ మిషను సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

రోగాలు లెక్కపెట్టడం అంత కష్టమనుకోలేదు. మా పేటలో అదసలు కష్టమే కాదు. ఇక్కడ ఇద్దరు కలిస్తే బాగున్నారా అనడానికి ముందే షుగరెంతుందని అడుగుతారు. పెళ్ళి భోజనంలో పక్కన కూర్చున్న పెద్దమనిషి తన గుండెలో వేసిన మూడు స్టెంట్ల కథ చెబుతాడు. పప్పు వడ్డించేలోగా ఒకటి, పెరుగు వచ్చేలోగా మిగతా రెండు. మన రోగం పక్కవాడి రోగం కన్నా చిన్నదైతే కాస్త చిన్నతనంగా కూడా ఉంటుంది. లోకమంతా ఇంతే అనుకున్నాను.

నడికుడి

సంస్థ తరఫున వచ్చిన కార్తీక్ నడికుడిలో రైలు దిగాడు. ముప్పై లోపు వయసు. వీపున ఒక సంచి, పొట్ట మీద ఒక సంచి, మెడలో ఈల. ఈల ఎందుకు బాబూ అంటే, పడవ మునిగితే ఊదడానికట. కాళ్ళకు మందపాటి రబ్బరు బూట్లు. అవి పగడపు దిబ్బల మీద నడవడానికి.

"మా దగ్గర పల్లేరుకాయలే గానీ పగడాలుండవు బాబూ" అన్నాను. ట్యాబ్ తీసి రాసుకున్నాడు.

స్టేషను బయట టీ తాగుతూ ఆ ట్యాబ్‌లోని ప్రశ్నలు చూపించాడు. ఎక్కడో సముద్రం మధ్య దీవుల కోసం ఎవరో మహానుభావులు తయారుచేసిన పత్రమది. ఆటుపోట్ల వేళలు. ఉప్పెన వస్తే తలదాచుకునే భవనం ఎంత దూరం. గత ఏడాదిలో సొరచేపల దాడులు. "వీటికి వర్తించదు అని పెడితే సరిపోతుంది మేడం" అన్నాడు నెమ్మదిగా. తర్వాత రాబోయే పడవ బొమ్మ చూపించాడు. తెల్లటి రంగు, పక్కన ఎర్రటి అక్షరాలతో 'ఆరోగ్య నావ' అని పేరు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

బెంచీ మీద ఒక పెద్దాయన మా మాటలు వింటున్నాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట.

"ద్వీపమంటే ఏంది సార్? చుట్టూ నీళ్ళుండాలా?"

"అవునండీ."

"చుట్టూ పట్టాలుంటే? గేటు పడిందంటే అరగంట మేం గూడా ద్వీపంలో ఉన్నట్టేగా. మాకూ ఒక నర్సమ్మని రాయండి బాబూ, పుణ్యముంటది."

కార్తీక్ అదీ రాసుకున్నాడు. కుర్రవాడు మంచివాడు, ఎవరు ఏం చెప్పినా రాసుకుంటాడు. టీ పది రూపాయలు, పెద్దాయన టీకి కూడా నేనే ఇచ్చాను.

మాచవరం

రాత్రికి మాచవరంలో వెంకటేశ్వర్లు గారింట్లో దిగాం. ఆయనది కిరాణా కొట్టు. పప్పులు, నూనెలు, వలతాళ్ళు, వాటి పక్కనే ఒక గాజు సీసాలో మాత్రలు. దిబ్బ మీద వాళ్ళకి బజారంటే ఆయన కొట్టే.

వాళ్ళావిడ జొన్నరొట్టె, గోంగూర, దంచిన ఎండుమిరప కారం పెట్టింది. పేటలో మేం కారం బాగా తింటామని నాకు గర్వముండేది. మాచవరంలో రెండో ముద్దకి అది అణిగిపోయింది. కార్తీక్ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే ఆవిడ కంగారుపడి నెయ్యి పోసింది, తర్వాత బెల్లం పెట్టింది, చివరికి "ఏమయ్యా, ఇంటి మీద బెంగా?" అని అడిగింది.

భోజనాలయ్యాక కార్తీక్ ట్యాబ్ తెరిచాడు. "దిబ్బ మీద ఏ జబ్బులు ఎక్కువండీ?"

"మనుషులకేమీ లేవు సార్. మేకలకే" అన్నాడు వెంకటేశ్వర్లు.

"మేకలకా?"

"మా మేకకి జొరం, రెండు బిళ్ళలియ్యి అంటారు. మా మేకకి మూడు దినాల నుంచి దగ్గు అంటారు. పోయిన నెల ఒకాయనొచ్చి మా మేకకి చెవిపోటు, రాత్రంతా నిద్రపోలా, నన్నూ పోనీలా అన్నాడు."

"పశువైద్యం మన ప్రణాళికలోకి రాదు మేడం" అన్నాడు కార్తీక్ నా వైపు తిరిగి.

నేను వెంకటేశ్వర్లునే అడిగాను. "దిబ్బ మీద మేకలు ఎన్నున్నాయి?"

"ఒక్కటీ లేదమ్మా."

అప్పుడు విషయం చెప్పాడు. ఇంట్లో రోగముందని వాళ్ళు పరాయివాళ్ళతో అనరు. చుట్టం ముందైతే అసలే అనరు. చుట్టం ఉన్నప్పుడు రోగం పేరెత్తితే అది కూడా చుట్టం పక్కన విస్తరేసుకుని కూర్చుంటదని వాళ్ళ నమ్మకం. కార్తీక్ ఆలోచనలో పడ్డాడు. మేము అక్కడున్నంతసేపూ చుట్టాలమే. వెళ్ళిపోయాక చెబుతారు, కానీ వినడానికి మేముండం.

గొర్రెల దిబ్బ

తెల్లారాక దిబ్బ నుంచి ఏడుకొండలు అనే కుర్రాడు మా కోసం పుట్టి తెచ్చాడు. పుట్టి అంటే గుండ్రటి పెద్ద బుట్ట లాంటి పడవ. పూర్వం వెదురుతో అల్లి తోలు కప్పేవారు, ఇప్పుడు ఫైబరుతో చేస్తున్నారు. దానికి ముందూ వెనకా ఉండవు. నడుమ అడుగేస్తే నిలబడుతుంది, అంచు మీద వేస్తే గిర్రున తిరుగుతుంది. కార్తీక్ అంచు మీద వేశాడు. మోకాలి లోతు నీళ్ళలో కూలబడి, నేర్చుకున్న పాఠం మరవకుండా ఈల ఊదాడు. ఒడ్డున గేదెలు తలలెత్తి చూశాయి. ఏడుకొండలు నవ్వు ఆపుకోలేక నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు.

దిబ్బ మీద ఏడుకొండలు తల్లి నాగమ్మ ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి. ఆ ఇరవై మూడు గడపలకీ కాన్పులు చేసేది, దెబ్బలకు కట్లు కట్టేది, తగువులు తీర్చేది ఆమే.

"అమ్మా, ఇక్కడ ఎవరికైనా జబ్బులు..." అని కార్తీక్ మొదలుపెట్టాడు.

"చల్లగా ఉన్నాం బాబూ. ముందు కాళ్ళు కడుక్కోండి."

మొదటి ఇంట్లో చల్లగా ఉన్నారు. రెండో ఇంట్లోనూ చల్లగానే ఉన్నారు. మూడో ఇంటి ముందు కోటయ్య అనే ముసలాయన పక్కటెముకలు ఎగిరిపడేలా దగ్గుతున్నాడు. "ఇదా? పొగాకు ఘాటమ్మా" అన్నాడు. చుట్టుపక్కల పొగాకు కనిపించలేదు.

నేను నాగమ్మను పక్కకు పిలిచాను. "రోగాలున్నాయని చెప్తేనే పడవొస్తుంది నాగమ్మా. నీకు పడవ అక్కర్లేదా?"

"అక్కర్లేక ఏంది తల్లీ" అంది. "నా కూతురు పురిటినొప్పుల్తో ఈ నీళ్ళ నడిమధ్యనే పోయింది. ఆ ఒడ్డు కనపడతానే ఉంది. పడవ కావాల. కావాలని చెప్పి, ఇంటికొచ్చిన చుట్టానికి రోగాలు వడ్డిస్తామా?"

మా పేటలో వడ్డించేది అవే.

మధ్యాహ్నం భోజనం. దిబ్బ మీదికి చుట్టం వస్తే ఆ పూట ఇంటింటా పొయ్యి వెలిగించరు. అందరూ తెచ్చింది ఒకే చోట వండి, అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. బొచ్చె చేపల పులుసు, వేడి అన్నం, పచ్చి ఉల్లిపాయ. పేట హోటళ్ళలో రెండొందలు పోసినా అలాంటి పులుసు దొరకదు. కార్తీక్ ఏడుస్తూనే మూడుసార్లు వేయించుకున్నాడు.

నాగమ్మ వడ్డన పూర్తి చేసి, మూడు కంచాల్లో అన్నం పెట్టి, మోదుగాకులు కప్పి పక్కన పెట్టడం చూశాను. ఊరంతా వరసలో ఉంది. మరి ఈ మూడూ ఎవరికి? రోగం గురించి అడగకూడదు గానీ, అన్నం గురించి అడగడానికి అడ్డేముంది?

"ఆ మొదటి కంచం ఎవరిది నాగమ్మా?"

"మా కోడలు దుర్గదమ్మా, ఏడుకొండలు పెళ్ళాం. ఎనిమిదో నెల. రెండు దినాల నుంచి కాస్త బడలికగా ఉంది, పడుకుంది."

చెయ్యి కడుక్కుని లేచాను. గుడిసెలో దుర్గ గోడ వైపు తిరిగి పడుకుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మొహం ఉబ్బి ఉంది, పాదాల మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. నాగమ్మ సంతోషంగా, "కాళ్ళకి నీరొస్తే మగపిల్లోడంటగా" అంది.

"తలనొప్పి ఉందా అమ్మా?" అని అడిగాను. దుర్గ అత్త వైపు చూసింది. నాగమ్మ నా వైపు చూసింది. చుట్టం అడిగితే ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు.

"నేను చుట్టాన్ని కాదే తల్లీ, చేతులు కూడా కడిగేసుకున్నా. చెప్పు."

"పగిలిపోతందమ్మా" అంది దుర్గ. "కళ్ళ ముందర మిణుగురులు తిరుగుతన్నాయి."

బీపీ చూశాను. పైది నూట డెబ్బై, కిందది నూట పది. నమ్మకం కలగక మళ్ళీ చూశాను. అంతే ఉంది. ఇలాంటప్పుడు ఏ క్షణాన్నైనా ఫిట్లు వస్తాయి. పాతకాలం మంత్రసానులు దాన్ని గుర్రపువాతం అనేవారు. వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. నా సర్వీసులో అలా పోయినవాళ్ళను చూశాను. నాకు నిజంగా భయమేసింది.

బయటికొచ్చి ఇప్పుడే ఒడ్డుకు తీసుకుపోవాలన్నాను. కార్తీక్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మేడం, మనమిప్పుడు ప్రణాళిక దశలో ఉన్నాం. సేవలు అందించడం రెండో దశ" అన్నాడు.

"రెండో దశ దాకా ఆగమని ఆ ఫిట్లకు నువ్వు చెప్పిరా నాయనా" అన్నాను. పాపం, మొహం పాలిపోయింది. ఆ తర్వాత నాకన్నా ముందు పరిగెత్తింది అతనే.

రెండు పుట్టులు, ఒక మంచం

దిబ్బ మీద ఫోను పలికేది పైనున్న ఒక బండ మీదే. అదీ మన ఒడ్డు నుంచి కాదు, కృష్ణ అవతల తెలంగాణ టవరు నుంచి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అటువైపు వాళ్ళకు పోయింది.

"ఏ మండలం అమ్మా?"

"మాచవరం."

"గా మండలం మా దిక్కు లేదమ్మా. ఆగుండ్రి, పెట్టేయకుండ్రి, మీ దిక్కోళ్ళకు నేనే కలుపుతా" అన్నాడా అబ్బాయి. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ గొంతుకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఊళ్ళో ఉన్న ఒక్క మర పడవా తెల్లవారుజామునే చేపల లోడుతో పోయింది. ఇప్పుడెలా అని నేను అడిగేలోగానే నలుగురు మగవాళ్ళు రెండు పుట్టులు పక్కపక్కన చేర్చి, వలతాళ్ళతో బిగించి, వాటి మీద అడ్డంగా నులకమంచం కట్టేశారు. కట్టిన పుట్టులు తిరగవు. మంచం కోళ్ళు తాళ్ళలో దిగి కదలవు. నీడకు నాలుగు కర్రలు నిలబెట్టి పైన చీర కప్పారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కప్పిన కంచం చల్లారేలోగా పని అయిపోయింది. అంత చప్పుడు లేకుండా చేస్తున్నారంటే, అది ఎన్నిసార్లు చేసి ఉంటారో అర్థమైంది.

పుట్టి ఎక్కుతూ కార్తీక్‌తో అన్నాను. "నువ్వు సర్వే పూర్తి చేసిరా. ఇంకా రెండు కంచాలున్నాయి, అవెవరివో చూడు."

నీళ్ళ మీద ముప్పావుగంట పట్టింది. ఎండ నెత్తిన ఉంది. ఏడుకొండలు తెడ్డు వేస్తూ ఒక్కసారి కూడా మంచం వైపు చూడలేదు. నేను దుర్గ దవడ మీద చెయ్యేసి ఫిట్లు వస్తాయేమోనని చూస్తూ కూర్చున్నాను. సగం దూరం వచ్చాక నాగమ్మ దుర్గ తలను తన ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులతో ఆ పిల్ల కళ్ళు మూసింది. ఎందుకని అడగలేదు. అక్కడ నీళ్ళు మిగతా చోట్ల ఉన్నట్టే ఉన్నాయి. కాస్త దూరం పోయాక చేతులు తీసింది.

ఒడ్డున అంబులెన్సు ఉంది. పేటకు వచ్చేసరికి ఇంజెక్షన్లు పడ్డాయి, పొద్దు గుంకకముందే ఆపరేషనూ అయింది. ఆడపిల్ల. బాగా చిన్నది, అయినా గట్టిగానే ఏడ్చింది. దుర్గ బతికింది. ఆస్పత్రి వరండాలో ఏడుకొండలు నా కాళ్ళ మీద పడబోతే తిట్టాను. ఆ తిట్టడంలో నాకు ఏడుపొచ్చింది.

నాగమ్మ వరండాలో పక్క బెంచీ ఆవిడతో మాటలు కలిపింది. ఆవిడ తన మోకాళ్ళు, తన భర్త కిడ్నీలు, తన చెల్లెలి థైరాయిడు వరసగా చెప్పుకొచ్చింది. నాగమ్మ నోరు తెరుచుకుని విని, తర్వాత నన్ను రహస్యంగా అడిగింది. "ఈ ఊరోళ్ళకి సిగ్గుండదామ్మా?"

మళ్ళీ ఇల్లు

ఇంటికొచ్చిన రెండు వారాలకు ప్రణాళిక ముసాయిదా నాకు వచ్చింది. క్షేత్ర సలహాదారుగా నేను సంతకం పెట్టాలి. గొర్రెల దిబ్బకు ఒకటిన్నర పేజీ ఇచ్చారు. సొరచేపల దాడులు: లేవు. రోగులను తరలించేందుకు స్థానిక ఏర్పాట్లు: లేవు. సర్వే పూర్తయ్యేనాటికి ద్వీపంపై ఉన్న రోగులు: సున్నా. అవసరం: తక్కువ. పడవను వేరే చోటికి కేటాయించవచ్చు.

కార్తీక్‌కు ఫోన్ చేశాను.

"సున్నా ఏమిటి బాబూ?"

"ఇరవై మూడు ఇళ్ళూ తిరిగాను మేడం. అందరూ చల్లగా ఉన్నామన్నారు."

"దుర్గ?"

"ఆమె ఆ సమయానికి ద్వీపంలో లేరు కదా మేడం. పత్రంలో ద్వీపంపై ఉన్న రోగులనే అడిగారు." మళ్ళీ తనే అన్నాడు. "నాకూ బాలేదు మేడం. కానీ ఆ గడిలో రాయడానికి వేరే దారి లేదు."

"మిగిలిన రెండు కంచాలు?"

"నేను వెళ్ళేసరికి కడిగేశారు మేడం."

అతన్ని ఏమని తిట్టను? తప్పు నాది కూడా. కంచాల సంగతి పుట్టి ఎక్కుతూ అరిచి చెప్పే బదులు, కప్పిన కంచమంటే మంచం పట్టిన మనిషని నిలబడి ఒక్క నిమిషం వివరంగా చెప్పి ఉండాల్సింది. దొరికిన ఒక్క రోగినీ నేనే ఒడ్డు దాటించి, దిబ్బను ఆరోగ్యవంతం చేసి వచ్చాను. సంతకం పెట్టనన్నాను. పైవాళ్ళతో మాట్లాడి, వానాకాలం అయ్యాక మళ్ళీ సర్వే చేయిస్తానని కార్తీక్ ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం నాగమ్మ బండ ఎక్కి ఫోన్ చేసింది. మనవరాలు పాలు బాగా తాగుతోందంది. పడవ ఎప్పుడొస్తుందని అడిగింది. జరిగింది దాచకుండా చెప్పాను. మీరు చుట్టాల ముందు చెప్పనందుకు, మేం దుర్గను తీసుకొచ్చినందుకు కాగితం మీద సున్నా పడిందన్నాను. మళ్ళీ వస్తారు, ఈసారి నోరు విప్పి చెప్పండి అన్నాను.



"చెప్పటానికి మావోళ్ళకి నోరు రాదమ్మా" అంది నాగమ్మ. "కానీలే, ఈసారి తప్పు చెయ్యం. వానలైనాక ఎవరికి రోగమొచ్చినా ఒడ్డుకి పంపం. ఆ సార్లు వచ్చి, కళ్ళతో చూసి, రాసుకుందాకా దిబ్బ మీదే ఉంచుతాం."

"నాగమ్మా, అట్టా చెయ్యబాకు. నీ మనవరాలి మీద ఒట్టు. ఎవరికి బాగోకపోయినా ఆ క్షణమే మంచం కట్టండి. సున్నా పడితే పడనీ."

"అట్టాగేనమ్మా" అంది. నా మాట తీసెయ్యలేక అన్నదని తెలుస్తూనే ఉంది. తర్వాత, నన్ను తప్పుపట్టడానికి కాకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి పడవ ఎట్టా వచ్చిద్ది?"